మిషన్లకు పరీక్ష పెట్టిన ఆపా

మొన్న వికారాబాద్ స్టేషన్లో తాండూరు మనిషి ఒకాయన ఎదురై, "ఆపా పోయింది డాక్టర్ సాబ్. శుక్రవారం మట్టి ఇచ్చినం" అన్నాడు. నేనెక్కాల్సిన బండి వచ్చి వెళ్లిపోయింది. బెంచీ మీదే ఉండిపోయాను.

ఆపా మా పెద్ద నర్సు. డెబ్బైల్లో నేను తాండూరులో చిన్న ఆసుపత్రి పెట్టినప్పుడు నాకు పట్టా కొత్త, ఆమెకు అప్పటికే ఎన్నో ఏళ్ల అనుభవం. ఊరంతా ఆపా, అంటే అక్కా, అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఎవరు ఏ వస్తువు తెచ్చినా ఆమె అడిగేది ఒకటే: "మెరుస్తున్నది సరే, పని చేస్తదా?" కొత్త థర్మామీటరు కొన్నా ముందు తన నోట్లో పెట్టుకుని చూసి, కడిగాకే రోగికిచ్చేది.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక సేల్స్‌మన్ నడుము నొప్పికి కరెంటు మిషన్ తెచ్చాడు. చప్పుడు చేయదట, వేడెక్కదట, తెలియకుండానే పనిచేస్తుందట. వారం వాడి చూడమని వదిలి వెళ్లాడు. నాపరాయి గనుల ఊళ్లో నడుము నొప్పులకేం కొదవ? మిషన్ పట్టీ నడుముకు కట్టించుకుని, బోర్లా పడుకుని లేచిన ప్రతివాడూ "మస్తు ఆరాం అయింది" అనేవాడు. నేను పొంగిపోయాను. కాన్పుల గది కోసం దాచిన డబ్బంతా దీనికే పెట్టేద్దామనుకున్నాను.

నాలుగో రోజు నేనూ పడుకున్నాను. అరగంటకు లేచి, "ఆపా, రక్తం జివ్వున పారుతోంది! నడుము దూదిలా ఉంది" అన్నాను.

ఆమె గుప్పిట విప్పింది. "ప్లగ్గు నా చేతిల ఉన్నది, సాబ్."

తర్వాత నోటుపుస్తకం తెచ్చింది. కొందరికి ప్లగ్గు పెట్టి, కొందరికి పీకేసి, ఇంకొందరికి మిషనే లేకుండా మంచం మాత్రం ఇచ్చి చూసిందట. అందరికీ ఆరామే.

"బండలు మోసేటోడు అర్ధగంట పండుకుంటే నొప్పి తగ్గదా? మన మంచం మంచిది, అంతే."

వారం నిండాక సేల్స్‌మన్ వచ్చి, ఆ లెక్కంతా విని, "మిషన్ ఉంటే పేషెంట్లు వస్తారమ్మా" అన్నాడు.

"వస్తరు బేటా. వచ్చినోళ్లకు ఏం మేలైతదో అది చెప్పు."

అతను నిట్టూర్చి మిషన్ ఎత్తబోయి నడుము పట్టుకున్నాడు. ఆపా అతన్నీ అరగంట మంచం మీద పడుకోబెట్టి, టీ తాగించి పంపింది.

కాన్పుల గదికి దాచిన ఆ డబ్బుతో ఆమె కాలితో తొక్కే సక్షన్ పంపు కొనిపించింది. పుట్టిన పిల్లల నోట్లో, ముక్కులో చేరిన నీరు లాగే పరికరం. చూడ్డానికి పాతకాలం నాటిదిలా ఉందని నేను గొణిగాను. ఆపా గ్లాసులో గంజి పోసి, తొక్కి, లాగించి చూపింది. "గిది కరెంటు అడగది. కాలుంటే చాలు."

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం బంట్వారం నుంచి వచ్చినామెకు కాన్పయింది. పిల్ల నీలంగా ఉంది, ఏడవలేదు. కరెంటు లేదు. నేను పంపు గొట్టం పిల్ల నోట్లో పెట్టాను. ఆపా చెప్పులు విసిరికొట్టి పంపు తొక్కింది. "ఫికర్ చేయకు సాబ్, మెల్లగ" అంటూనే ఉంది. ఉన్నట్టుండి పిల్ల గుక్క తిప్పుకుని, గదంతా దద్దరిల్లేలా కేక పెట్టింది.

బాలింత అత్త కళ్లు తుడుచుకుంటూ, "ఇంకోపారి ఏడ్పించుండ్రి, సరిగ్గ ఇనలే" అంది.

మళ్లీ ఏడ్పించాల్సిన పని లేకపోయింది, పిల్ల ఆపితేగా! ఆ ఏడుపు మధ్యనే ఆపా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, మంచాల కింద వంగి వంగి రెండో చెప్పు వెతుక్కుంటూ నవ్వుతోంది.