భిలాయికి మోసుకెళ్లిన రిపీటర్

తొంభైల మధ్యలో విశాఖపట్నంలో సరదాకీ సేవకీ సొంత సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లం కొద్దిమందిమే ఉండేవాళ్లం. తుఫాను వస్తే ముందు పోయేవి టెలిఫోన్లే కాబట్టి, కొండ మీద ఒక రిపీటర్ పెట్టాలన్నది మా కోరిక. రిపీటర్ అంటే చేతిలో పట్టుకునే చిన్న సెట్ల నుంచి వచ్చే నీరసమైన మాటను ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి చెప్పే యంత్రం. మూతపడిన ఒక లారీ కంపెనీవాళ్లు తమ పాత రిపీటర్‌ను మాకు ఊరికే ఇచ్చేశారు. కానీ అది వాళ్ల వ్యాపార ఫ్రీక్వెన్సీల మీదే పనిచేస్తుంది. దాన్ని మా హామ్‌లకు కేటాయించిన బ్యాండుకు మార్చగలవాళ్లు మా ఊళ్లో దొరకలేదు. ఒక ఉదయం దూరాలకు అందే షార్ట్‌వేవ్ సెట్‌లో మాటల మధ్యలో ఈ సంగతి చెబితే, "ఇక్కడికి పట్టుకొచ్చీండి అన్నయ్యా, సూద్దాం" అన్నారు భిలాయి నుంచి సుగుణగారు. రేడియోలో ఆవిడ గొంతు ఏళ్లుగా తెలుసు గానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు. తుఫానుల కాలం దగ్గరపడుతోంది. రిపీటర్‌ను పెట్టెలో సర్ది టికెట్ తీసేసుకున్నాను.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఏర్పడలేదు, భిలాయి మధ్యప్రదేశ్‌లో ఉండేది. సాయంత్రం విశాఖలో రాయపూర్ బండి ఎక్కితే పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా మర్నాడు పొద్దున దింపింది. అక్కడ దుర్గ్ వైపు వెళ్లే లోకల్ పట్టుకుని పవర్ హౌస్ స్టేషన్‌లో దిగాను. బయట ఆటో అతనితో నా హిందీ రెండు వాక్యాలు సాగిందో లేదో, అతను నవ్వేశాడు. "తెలుగోలేనా బాబూ? మాది బొబ్బిలి. ఏటిది, టీవీయా?" రేడియో అన్నాను. పెట్టె ఎత్తబోయి, "ఇంత బరువైతే ఎన్ని పాటలొస్తాయేటి!" అన్నాడు. మరోదా పేటలో సుగుణగారి ఇంటి గుమ్మం దాకా తనే మోసుకొచ్చి, ఛార్జీ పదిహేను రూపాయలే తీసుకున్నాడు.

సుగుణగారికి నలభై ఏళ్లుంటాయి. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఆవిడ వైర్‌లెస్ సెట్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తారు. భర్త సూర్యారావుగారు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపులో లేత్ తిప్పే టర్నర్. ఆవిడ నన్ను అన్నయ్య అంటారు కాబట్టి ఆయన చూడగానే "రండి బావగారూ" అని చేయి పట్టుకున్నారు. ఉప్మా తింటుండగానే ఆవిడ రిపీటర్ మూత విప్పేశారు.

ఫ్రీక్వెన్సీ ఏదన్నది లోపల ఒక చిప్‌లో రాసి ఉంటుంది. పాతది తీసి కొత్తది రాసి పెట్టాలి. ఆ రకం ఖాళీ చిప్ ఆవిడ దగ్గర ఒక్కటే ఉంది. "ఒకసారి రాసీసేమంటే ఇంక చెరపడానికవదు" అంటూ ఆవిడ లెక్కంతా కాగితం మీద వేశారు. భర్త చేత మళ్లీ మొదటి నుంచి వేయించారు. రెండూ సరిపోయాకే పాత కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆయన అంకెలు చదువుతుంటే ఆవిడ కొడుతున్నారు. చిప్ గుచ్చి స్విచ్ వేయగానే రిపీటర్ మా బ్యాండులో పలికింది. నేను చప్పట్లు కొట్టేశాను. సాయంత్రం బండికి వెళ్లిపోవచ్చనుకున్నాను.

"ఆగండన్నయ్యా, బల్ల మీద అన్నీ పన్చేస్తాయి" అన్నారావిడ. సూర్యారావుగారు చేతి సెట్ తీసుకుని స్కూటర్ మీద దూరంగా వెళ్లారు. అక్కడి నుంచి ఆయన మాట సన్నగా, స్పష్టంగా వినపడింది. కానీ రిపీటర్ దాన్ని తిరిగి చెప్పడం మొదలుపెట్టగానే ఆ మాట ముక్కలై మాయమైంది. లారీ కంపెనీ వినే ఫ్రీక్వెన్సీకీ చెప్పే ఫ్రీక్వెన్సీకీ మధ్య చాలా ఎడం ఉండేది. హామ్ బ్యాండులో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. దాంతో యంత్రం తన అరుపులో తానే ఎదుటివారి మాట వినలేకపోతోంది. ఆ అరుపును అడ్డుకోవడానికి పెట్టెలో ఉన్న ఫిల్టర్ చాలదు.

"దగ్గరివాళ్లకైతే పన్చేస్తుంది కదా, ఇలాగే పట్టుకెళ్తాను" అన్నాను.

"మునిగిపోతున్నోడు దగ్గర్నుంచి మాటాడ్డు అన్నయ్యా" అన్నారావిడ.

కాసేపటికి సూర్యారావుగారు తిరిగొచ్చారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన లోపలికి వెళ్లి, దుప్పట్లలో చుట్టిన పొడవాటి గొట్టాలు ఒక్కొక్కటే తెచ్చి వరసగా నిలబెట్టారు. లోపల వెండిపూత, పైన సన్నటి మరలతో తిరిగే కడ్డీ. అటువంటి ఫిల్టర్‌ను బొమ్మల్లో తప్ప నేను చూడలేదు. భిలాయిలో పెట్టబోయే రిపీటర్ కోసం ఏడాదిగా ఆదివారాలు లేత్ మీద తిప్పి చేసుకున్నారట. అవి నాకు వద్దన్నాను.

"మాకిక్కడ సముద్రం లేదు బావగారూ. ఇంకోటి చేసుకుంటాం" అన్నారాయన. ఆవిడ కడ్డీ తిప్పుతూ, తల ఎత్తకుండానే చెప్పారు. "ఒకసారి గాలివానకి మా ఊళ్లో తమ్ముడోళ్లు బతికున్నారో లేదో తెలీక మూడ్రోజులు ఈ కుర్చీలోనే కూకున్నాను. ఊరి దగ్గర సెట్టున్నోడు ఒక్కడుంటే చాలునన్నట్టుండీది. బస్, ఇంకేటీ అనకండి, తీసుకెళ్లండి."

ఒక్కో గొట్టం శ్రుతి చేసేసరికి నా బండి వెళ్లిపోయింది. సూర్యారావుగారు మళ్లీ స్కూటర్ తీశారు. ఈసారి పవర్ హౌస్ బజారు దాటి ఇంకా ముందుకు వెళ్లారు. "సుగుణా, ఇనబడతన్నానా? ఇక్కడ పకోడీలు వేడిగా ఉన్నాయి, తెమ్మంటావా?" రిపీటర్ ప్రతి అక్షరాన్నీ తిరిగి చెప్పింది. "భయ్యా కోసం మిర్చీ ఎక్కువేసి తెండి" అన్నారావిడ, కళ్లు తుడుచుకుంటూ నవ్వి.

ఆ ఏడాది తుఫాను గాలి వచ్చినప్పుడు ఫోన్లు పోయాయి, కొండ మీద పెట్టిన మా రిపీటర్ పోలేదు. సముద్రం ఒడ్డున ఒక పల్లెలో నొప్పులు పడుతున్న అమ్మాయి దగ్గరకు జీపు ఏ దారిన వెళ్లగలదో దాని మీదే కనుక్కుని పంపాం. మర్నాడు పొద్దున భిలాయితో మాట్లాడితే, సుగుణగారు యంత్రం గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఆ పిల్లెలాగుంది?" అన్నారు. తల్లీబిడ్డా క్షేమమని చెప్పాను. మరుసటి వేసవికి వాళ్ల రిపీటర్ కూడా భిలాయిలో లేచింది. ఆ ఊరు పేరు వింటే అందరికీ కొలిమి, ఉక్కు గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది మాత్రం తమ కోసం చేసుకున్నదాన్ని దుప్పటి మడతలతో సహా ఇచ్చేసిన ఆ ఇద్దరే. మీరూ పాత వ్యాపార రిపీటర్‌ను ఇలా మార్పించుకోవడానికి ఎక్కడికైనా వెళుతుంటే, తిరుగు టికెట్ అదే రోజుకు తీసుకోకండి. ఎవరినైనా సెట్ ఇచ్చి దూరం పంపి, వాళ్ల మాట తిరిగి వినపడ్డాకే పెట్టె మూత బిగించండి.