గేటు దాటని లారీ

ఆదిలాబాద్‌లో ఒక నూలు మిల్లులో సరుకు పంపడం నా పని. పంపినట్టు చెప్పడంలో మాత్రం నాకు ఇంకా మంచి పేరుండేది.

మా దగ్గర ఒక పద్ధతి. గేట్ పాస్ రాస్తే చాలు, లారీ బయల్దేరినట్టే లెక్క. అది యార్డులోనే నిలబడి మిగతా సగం లోడు కోసం ఎదురుచూస్తున్నా సరే. ఆఫీసు బోర్డు మీద 'సమయానికి పంపినవి' అన్న గడిలో నెలనెలా నూటికి నూరు. నూలు కదలకపోయినా ఆ నూరు కదిలేది కాదు. పదో తరగతి గట్టెక్కడానికి చెమటోడ్చిన నాకు ఆ బోర్డంటే మహా ముద్దు.

ఆ ఎండాకాలం కరీంనగర్ దిక్కు నుంచి ఒక పెద్దాయన రోజూ ఫోన్ చేసేవాడు. నాలుగు మరమగ్గాలున్న నేతగాడు. బడి పిల్లల యూనిఫాం గుడ్డ, బడులు తెరిచేలోగా ఇవ్వాలి. గడువు తప్పితే ఆ పని ఇక ఆయనకు రాదు. నిలువు పోగుల పడుగు ఆయన దగ్గరే ఉంది, అడ్డంగా నేసే పేక మా మిల్లు నుంచి రావాలి.

"బిడ్డా, పేక నూలు ఎల్లిందా?"

కిటికీలోంచి చూశాను. లారీ యార్డులోనే ఉంది. డ్రైవర్ దాని నీడలో పడుకున్నాడు. గేట్ పాస్ నా చేతిలో ఉంది.

"ఎల్లింది కాకా. ఫికర్ చెయ్యకు. పొద్దుగాల నీ ఇంటి ముంగట ఉంటది."

"సల్లగుండు బిడ్డా. గట్లయితే తువ్వాళ్ల పడుగు దించుత."

అంటే మగ్గాల మీద సగం నేసిన పని తీసేసి, యూనిఫాం దారాలు ఎక్కిస్తాడన్నమాట. జర ఆగు కాకా, అనాల్సింది. అనలేదు.

లారీ నాలుగో రోజు కదిలింది. మనసొప్పక నేనూ ఎక్కాను. కాకా ఉండే వీధిలో ఇంటింటా మగ్గాల దడదడ, పక్కవాడి మాట వినబడదు. ఆయన షెడ్డులోకి అడుగు పెట్టగానే నా చెప్పుల చప్పుడు నాకే వినబడింది. నాలుగు మగ్గాల మీదా నీలం పడుగు బిగించి ఉంది. అడ్డంగా ఒక్క పోగు లేదు. యూనిఫాం పని ఆ పొద్దున్నే వేరేవాళ్లకు పోయింది. తువ్వాళ్లు నేయించుకునే సేటు, పని మధ్యలో దించేశాడని అంతకు ముందే వేరే మగ్గాలు చూసుకున్నాడు.

ఆయన తిట్టలేదు. చాయ్ చేతికిచ్చి, "నీ బండి మంచిగనే ఎల్లింది బిడ్డా. మా వాడకే తొవ్వ దొర్కనట్టుంది" అన్నాడు.

"గాయన్నేమనకు, ఎండల పడి వచ్చిండు" అంది లోపలి నుంచి ఆయన భార్య.

ఆ నెల కూడా బోర్డు మీద నూటికి నూరే.

ఇప్పుడు లారీ వెనక చక్రాలు గేటు దాటాకే ఎవరికైనా ఎల్లిందని చెబుతాను. నూరు పోయింది. మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు. చక్రాలు దాటగానే ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. కాకా నంబరు నుంచి మాత్రం మళ్లీ ఫోన్ రాలేదు. ఆయన మగ్గాలు పాత ఇనుముకు పోయాయని విన్నాను. గేటు దగ్గర హమాలీల కేకలు, హారన్లు, అంత గోలలోనూ నా చెప్పుల చప్పుడు నాకు వినబడుతూనే ఉంటుంది.