రెండు సెంటీమీటర్లు

ఐసీయూలో అందరికీ ఆమె ఎకో అక్క. గుండె స్కానింగ్ ఆమె పని. పేషెంటుకు స్పృహ ఉన్నా లేకపోయినా, జెల్‌ను అరచేతిలో కాస్త వెచ్చబెట్టందే ఛాతీకి రాయదు. "ఆయనకేం తెలుస్తుందక్కా?" అని నర్సులు నవ్వితే, "నాకు తెలుస్తుందిగా!" అంటుంది.

ఆ ఉదయం మూడో మంచం మీది లారీ డ్రైవరుకు బీపీ పడిపోతోంది. నీరసించిన గుండెకు సాయంగా తొడ రక్తనాళం గుండా లోపలికి పంపిన చిన్న పంపు ఆగకుండా అలారం కొడుతోంది.

"ఒంట్లో నీరు తగ్గినట్టుంది, సెలైన్ పెంచండి," అన్నాడు కుర్ర డాక్టరు.

"ఒక్క నిమిషం సార్." ఆమె పక్కటెముకల సందులో స్కానింగ్ ప్రోబు ఆనించింది. తెరంతా మసక. మణికట్టు పీకేస్తున్నా పట్టిన పట్టు వదల్లేదు. ఎట్టకేలకు గుండెలో పంపు గొట్టం కనబడింది. రెండుసార్లు కొలిచింది.

"నీరు కాదు సార్, పంపు రెండు సెంటీమీటర్లు లోపలికి జారింది."

"రాత్రి బాగానే ఉందిగా?"

"పొద్దున దుప్పటి మార్చడానికి ఈయన్ని పక్కకు తిప్పారు. ఆ వెంటనే నేను చూడాల్సింది. చూడలేదు."

డాక్టరు గొట్టాన్ని మెల్లగా వెనక్కి లాగాడు. తెర మీంచి చూపు తిప్పకుండా ఆమె, "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు!" అంది. అలారం ఆగింది. బీపీ మెల్లగా పైకి లేచింది.

ఆమె డ్రైవరు ఛాతీ శుభ్రంగా తుడిచి, మంచం తలవైపు ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద రాసింది: "కదిపితే నన్ను పిలవండి. అన్నం తింటున్నా సరే."