గూడూరు ప్లాట్‌ఫాం మీద రోజారమణి

రోజారమణికి మాట్లాడటం కన్నా వినడం అలవాటు. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మ కాలు విరిగితే బడి మాని రొయ్యలు వలిచే పనికి పోయింది. ఇప్పుడు చెన్నైలో ఒక బట్టల కంపెనీలో కాజాలు కుడుతూ హాస్టల్లో ఉంటోంది. వారానికి ఆరు రోజులు తల ఎత్తదు. ఆదివారం మాత్రం తెల్లవారకముందే సిటీ బస్సెక్కి సెంట్రల్‌కు వస్తుంది. అక్కడ సూళ్ళూరుపేట లోకల్, సూళ్ళూరుపేటలో మెమూ రైలు, చివరికి గూడూరు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న సొంత ఊరికి సూళ్ళూరుపేటలోనే దిగాలి. ఒకసారి ఇంటికని బయలుదేరి, ఊరి బస్సుకు ఇంకా టైముందని ఆగి ఉన్న మెమూలో కాసేపు కూర్చుందామని ఎక్కి, నిద్రపోయి గూడూరులో తేలింది. వెనక్కు పోయే బండి కోసం చూస్తుంటే ఎదురుగా ఒక తెల్ల ఇంజను వచ్చి ఆగింది. దాని ఒంటి మీద ఘాజియాబాద్ అని అది ఉండే షెడ్డు పేరు రాసి ఉంది. అంత దూరం నుంచి వచ్చిన దాన్ని ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఆమెకు బాగా నచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడే. వచ్చిన ప్రతి ఇంజను నంబరూ, షెడ్డు పేరూ నోట్‌బుక్కులో రాసుకుంటుంది. లాలాగూడ, ఈరోడ్, రాయపురం. సాయంత్రం బండికి చెన్నై వెళ్ళిపోతుంది.

ఊరివాడెవడో ఆమెను మూడు వారాలు వరుసగా చూశాడు. ఆ కబురు సరస్సు ఒడ్డుకు చేరేసరికి అందులో బెంచీ మీద ఆమె పక్కన ఒక మగవాడు కూడా కూర్చుని ఉన్నాడు.

నాలుగో ఆదివారం అన్న కిషోర్, ఊరి పెద్ద కామాక్షయ్య గూడూరులో దిగి నేరుగా ఆమె దగ్గరికి వచ్చారు.

“ఎవురమ్మే వాడు?” అన్నాడు కిషోర్.

“ఏ వాడు?”

“తెలీనట్టు అడగబాక. ఏ బండికి దిగతాడో చెప్పు.”

“కూర్చుని చూడన్నా. ముందు పోయి ప్లాట్‌ఫాం టికెట్ తీసుకో. రెండు గంటలే చెల్లుద్ది, మళ్ళీ తీసుకోవాల.”

బండి వచ్చినప్పుడల్లా కిషోర్ లేచి నిలబడ్డాడు. దిగిన ప్రతి మగవాడి మొహంలోకీ చూశాడు. తిరుపతి బండి దిగిన ఒక గుండు మనిషి రోజారమణి దగ్గరకొచ్చి ఏదో అడగ్గానే దూకి అతని చొక్కా పట్టుకున్నాడు.

“మా చెల్లెలితో నీకేం పని?”

“నెల్లూరు బండి యాడికొస్తాదని అడిగినా సామీ” అన్నాడు అతను. వెనక అతని భార్య, ఇద్దరు పిల్లలు, నాలుగు లడ్డు సంచులు. అందరివీ గుండ్లే. కామాక్షయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మధ్యాహ్నానికి కిషోర్ మూడో టికెట్ కొన్నాడు. బొగ్గు గూడ్సులు పోయాయి. ఆగని ఎక్స్‌ప్రెస్‌లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. ఎవరూ రాలేదు.

“సరే, ఎవురూ లేరు” అన్నాడు చివరికి. ఎవరైనా ఉంటేనే బాగుండేదన్నంత కోపంగా ఉన్నాడు. “మరి ఇదేం పని? ఇంటి ముందర నించి పోతా దిగకుండా, ఇనప ముక్కల్ని చూస్తా కూర్చోవడం. ఆ ఉద్యోగం చాలు. ఈ పొద్దే ఇంటికి రా.”

రోజారమణి పెన్ను మూసింది. అన్నతో కాక కామాక్షయ్యతో మాట్లాడింది.

పులికాట్‌లో రొయ్యల వల వేసే చోట్లకు వంతులుంటాయి. పెద్దలు చీట్లు వేసి పంచుతారు. ఆ వంతునే పాడు అంటారు. ఒకడి పాడు నాడు ఆ నీళ్ళలో ఇంకొకడు వల దించకూడదు. ఆడవాళ్ళకు పాడు లేదు.

“పెద్దనాయనా, అన్న తన పాడు నాడు వల ఎయ్యకుండా పడవలో పడుకుంటే మీరు అడగతారా?”

“మేమెందుకు అడగతాం అమ్మణ్ణీ? వాడి పాడు వాడిష్టం.”

“మీ చీట్లలో నా పేరు ఎప్పుడూ ఎయ్యలా. ఆరు రోజులు పని చేసి ఏడో రోజు నేనే తీసుకున్నా. ఆదివారం నా పాడు. పడుకుంటానో, రైళ్ళు చూస్తానో నా ఇష్టం.”

“ఆడోళ్ళకి పాడేంది?” అన్నాడు కిషోర్.

“ఊళ్ళో ఒప్పుకోరు అమ్మణ్ణీ” అన్నాడు కామాక్షయ్య.

“ఒప్పుకోమని అడగలా పెద్దనాయనా. చెప్తా ఉండా.”

సాయంత్రం ముగ్గురూ ఒకే మెమూలో సూళ్ళూరుపేట దాకా వచ్చారు. దిగగానే కిషోర్ ఆమె చేతిసంచి లాక్కుని గేటు వైపు నడిచాడు. సంచి పోతే మనిషి వెనకే వస్తుందని అతని లెక్క. చెన్నై లోకల్ కదలడానికి సిద్ధంగా ఉంది. సంచిలో అన్నం డబ్బా, మార్చుకునే చుడీదారు ఉన్నాయి. టికెట్, ఫోను, నోట్‌బుక్కు ఆమె చేతిలో ఉన్నాయి.

రోజారమణి ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది.

కిషోర్ వెనక్కు తిరిగి చూసేటప్పటికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. “దిగుమే! సంచి నా కాడ ఉండాది.”

“వచ్చే ఆదివారం గూడూరుకు తెచ్చియ్యన్నా” అంది రోజారమణి. బండి కదిలింది.