పర్మిట్ ఆఫీసు బస్సు

యూనివర్సిటీ బస్సు తోలే ఆయన, అక్కడి విదేశీ విద్యార్థులందరికీ బాబాయి. ఆ పిల్లలు ఇక్కడి భాషలో మొట్టమొదట నేర్చుకునే మాట అదే. చివరికి జీతాల గుమాస్తా కూడా ‘బస్సు బాబాయి’ అనే పిలిచేవాడు. సొంత కూతురు మాటకు ముందే విసుక్కునేది గానీ, ఈ పిల్లలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆయన్ని పలకరించకుండా ఉండేవారు కాదు.

ఏటా వాళ్ల పర్మిట్లు పొడిగించే రోజుల్లో పిల్లల్ని ఊరవతల ఉన్న పర్మిట్ ఆఫీసుకు తీసుకెళ్లడం ఆయన పని. వేలిముద్రలు వేస్తేనే మరో ఏడాది ఉండనిస్తారు. వెళ్లేటప్పుడు బస్సంతా బిక్కుబిక్కుమంటూ ఉండేది. వచ్చేటప్పుడు చెవులు చిల్లులు పడే గోల.

ఆ ఏడు మాత్రం బస్సును ముందు గేటు దగ్గర ఆపనివ్వలేదు. వెనక గోడ పక్కకు తిప్పమన్నారు. పిల్లలు లోపలికి వెళ్లగానే ఇనపగేటు మూసుకుంది. సాయంత్రం బయటికి వచ్చినవాళ్లు సగం మందే. వాళ్లు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సీట్లలో కూర్చున్నారు.

మిగతావాళ్లేరని బాబాయి గేటు దగ్గరికెళ్లి అడిగితే, కిటికీ వెనకున్న అధికారి తలెత్తకుండానే చెప్పాడు. “వాళ్లకి టైం పడుతుంది. మీరు బయల్దేరండి.”

రానివాళ్ల సంచులు బస్సులోనే ఉండిపోయాయి. డ్రైవరు సీటు వెనకే కూర్చుని, అద్దంలోంచి ఆయనతో కబుర్లు చెప్పే పొడుగు కుర్రాడి గొడుగు కూడా. అన్నీ మోసుకెళ్లి హాస్టల్లో అప్పగిస్తే వార్డెను ఎందుకని కూడా అడగలేదు. వారం తిరక్కుండానే ఆ గదుల్లో పరుపులు చుట్టేశారు. పొడుగు కుర్రాడు చేసిన నేరమల్లా చేరిన కోర్సు వదిలి ఇంకో కోర్సుకు మారడం. యూనివర్సిటీ సరేనంది. పర్మిట్ ఆఫీసు అనుమతి కూడా ముందే తీసుకోవాలన్న కొత్త రూలు సంగతి అతనికెవరూ చెప్పలేదు.

బాబాయి బావమరిది ఆ ఆఫీసులోనే కాపలాదారు. ఇంకో జట్టు పిల్లలకి పిలుపొచ్చాక, ఓ ఆదివారం అక్క ఇంటికి భోజనానికి వచ్చినవాడు, చెయ్యి కడుక్కుంటూ మామూలుగా అన్నాడు.

“ఈసారి వాళ్ల కోసం వెయిట్ చెయ్యకు బావా. దింపేసి ఖాళీ బండి తోలుకెళ్లిపో.”

వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. ఏమిట్రా ఆ మాటని గట్టిగా నిలదీస్తే నీళ్లు నమిలాడు. ఈసారి పిలిచినవాళ్లంతా కోర్సు మారినవాళ్లేనట. పేరుకే వేలిముద్రలు, పోయినసారిలాగే అటునుంచి అటే విమానమెక్కించడానికి బళ్లు సిద్ధంగా ఉంచారట. లాయరు వెంట ఉంటే అంత తేలిగ్గా పంపలేరు గానీ, ఈ పిల్లలకి లాయరెక్కడ దొరుకుతాడని నిట్టూర్చాడు. అంతలోనే నాలిక్కరుచుకుని, “నేను చెప్పానని బయట పొక్కితే నా ఉద్యోగం ఊడుతుందక్కా” అన్నాడు.

అతను వెళ్లాక బాబాయి బస్సు తాళాలు చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

“నోరు మూసుకుని తోలేస్తే మనకి పోయేదేముంది?” అన్నాడు బాబాయి చివరికి.

“ఏమీ లేదు. తోలెయ్యి మరి” అంది ఆవిడ, అంట్లు సర్దుకుంటూ.

మర్నాడే ఆయన లా కాలేజీకి వెళ్లాడు. అక్కడ ఫీజు లేకుండా కేసులు చూసే లాయరమ్మ ఒకావిడ ఉంది. అంతా విని, తాను తోడు వస్తానంది. కాకపోతే పిల్లలు తమంతట తాము అడిగితేనే వాళ్ల తరఫున గేటు దాటగలనంది. అంటే ఆ సంగతి వాళ్లకు ఆయనే చెప్పాలి.

వెళ్లే రోజు బాబాయి లా కాలేజీ ముందు బస్సాపి, ఇంజను కట్టేశాడు. తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పాడు. బావమరిది ఊసెత్తలేదు.

అస్తమానం నవ్వే అమ్మాయి ఒకతె ఉండేది. అంతా నవ్వులమ్మాయి అనేవారు. ఆ పిల్ల అప్పుడు కూడా నవ్వబోయింది. “ఉట్టి వేలిముద్రలే కదా బాబాయి?”

“పోయినసారీ అదే అన్నారమ్మా.”

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కళ్లద్దాల కుర్రాడొకడు మాత్రం ఒప్పుకోలేదు. ఆలస్యమైతే అదే తప్పుగా రాసుకుంటారని భయపడ్డాడు. బాబాయి బతిమాలినా వినకుండా, దిగి టాక్సీ ఎక్కి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లాయరమ్మ దగ్గరికెళ్లి తమ తరఫున రమ్మని సంతకాలు చేశారు.

ఆవిడ వెంట ఉండడంతో వెనక గేటు కాదు, ముందు గేటే తెరవాల్సి వచ్చింది. చీకటి పడబోతుండగా వాళ్లందరినీ బయటికి తెచ్చింది. జడ్జి ముందు తమ మాట చెప్పుకునేదాకా వాళ్లని కదిలించడానికి వీల్లేదు. కళ్లద్దాల కుర్రాడి కోసం బాబాయి చాలాసేపు ఇంజను స్టార్టు చెయ్యలేదు. ఆ పిల్లాడు రాలేదు.

చాలామందిని చదువు పూర్తిచేసుకోమన్నాడు జడ్జి. నవ్వులమ్మాయికి మాత్రం పరీక్షలు రాసి వెళ్లిపొమ్మని తీర్పొచ్చింది. వెళ్లే ముందు బాబాయి ఇంటికొచ్చి, ఆయన భార్య పెట్టింది తిని, తన కంచం తనే కడిగి పెట్టి వెళ్లింది. బావమరిది ఉద్యోగం పోలేదు గానీ, అతను అక్క గడప తొక్కడం మానేశాడు. దారి తప్పించి బస్సాపినందుకు బాబాయిని బల్లలు, బీరువాలు మోసే వ్యానుకు మార్చారు.

కొన్నాళ్లకు ఆ వ్యాను రిపేరుకని షెడ్డుకు వెళ్తే, తన పాత బస్సు అక్కడ కనిపించింది. మెకానిక్కు దాని కిటికీలకు ఇనప జాలీ వెల్డింగు చేస్తున్నాడు.

“ఎందుకివి?” అన్నాడు బాబాయి.

“పిల్లలు చేతులు బయట పెట్టకుండానట. పైనుంచి ఆర్డరు.”

బాబాయి తలుపు వైపు చూశాడు. బయట కొత్త గొళ్లెం బిగించి ఉంది. లోపలి హ్యాండిలు తీసేశారు. అదెందుకు తీశావని అడిగితే, మెకానిక్కు నల్లద్దాలు కళ్ల మీదికి దించుకుని పనిలో పడ్డాడు.

బాబాయి వ్యానును అక్కడే వదిలేసి, లా కాలేజీ వైపు నడిచాడు.