సోడియం బండి

బ్యాటరీ వేడెక్కిందేమో చూడడానికి మా సైన్సు మాస్టారు అరచెయ్యి వాడేవారు కాదు. పిల్లల జ్వరం చూసినట్టు, చేతిని తిప్పి వెనక వైపు ఆనించేవారు. రిటైరయ్యాక ఆయన నర్సీపట్నంలో మా పక్క వాటాలో ఉండేవారు. ఎక్కడో ఛార్జింగులో ఉన్న స్కూటర్ అంటుకుందని టీవీలో చూసిన దగ్గర్నుంచి, కూతురి బండి పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవారు.

ఆమె మాకవరపాలెంలో ఉద్యోగం చేసేది. నాన్న బెంగ చూడలేక ఆ లిథియం బండి అమ్మేసి, కొత్తగా వచ్చిన సోడియం అయాన్ బండి కొంది. ఇది అంత తేలిగ్గా అంటుకోదని షాపువాడు చెప్పాడట.

సోడియం అనగానే మాస్టారి మొహం పాలిపోయింది. క్లాసులో ఆయన శనగగింజంత సోడియం నీళ్ళలో వేస్తే భగ్గుమన్న రోజు నాకూ గుర్తుంది.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. కూతురు ఇంకా రాలేదు. నేను గొడుగు పట్టుకెళ్ళేసరికే ఆయన గేటు దగ్గర తడిసి ముద్దయ్యారు.

"మాస్టారూ, బ్యాటరీలో ఉన్నది సోడియం ముక్క కాదు కదా. ఉప్పులో ఉన్నట్టు అయాన్లుగా ఉంటుంది. ఆ తేడా మీరే మాకు చెప్పారు" అన్నాను.

"నాకు తెల్దేట్రా? పాఠం సెప్పినపుడు దాని మీద నా కూతురు కూసోలేదు."

కాసేపటికి బండి క్షేమంగా వచ్చి ఆగింది. మాస్టారు గబగబా సీటెత్తి, బ్యాటరీకి చెయ్యి ఆనించారు.

"కాలిపోతందిరా" అన్నారు.

నేనూ ముట్టుకుని చూశాను. అది గోరువెచ్చగా ఉంది. ఆయన చెయ్యే మంచులా ఉంది.