కడిగిన సీసా

ఆ రోజుల్లో అంటే మా తాతల కాలం అనుకునేరు, ఆరేడేండ్ల కిందటి మాటే. మార్కాపురంలో ఒక ల్యాబు తరఫున ఇండ్లకు పోయి శాంపిళ్లు తెచ్చే పనిలో కొత్తగా చేరినాను. మాది గిద్దలూరు. ఇంట్లో నా నోరు మూయించలేక మా నాయన దణ్ణాలు పెట్టేవాడు. అట్లాంటిది మార్కాపురంలో నేను దిగిన హాస్టల్లో వారం తిరిగేసరికి నాకు 'మూగపిల్ల' అని పేరు పడింది. పలకరించే దిక్కు లేదు. పేషెంట్లతో "పిడికిలి బిగించండి" అనడమే దినమంతా నేను ఆడే మాట. (గదిలో ఫ్యానుతో కూడా మాట్లాడినాను. నవ్వకండి.)

అప్పుడు నన్ను హనుమంతునిపాడు పక్కన ఒక పల్లెకు పంపినారు. అక్కడ దుకాణం పెదనాయన అని ఒంటరి మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు, దుకాణం మూసేసినాడు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. మళ్లీ సూది గుచ్చి గడ్డ ముక్క తీస్తే గుండె తట్టుకోదని డాక్టర్లు అన్నారు, రక్తం తీద్దామంటే నరం చిక్కదు. గడ్డలోని జన్యువుల తునకలు ఉచ్చలో కూడా వస్తాయంట, అవి చూస్తే ఏ మాత్ర పనిచేస్తుందో తెలుస్తుందంట. ఆయనకు మిగిలిన దారి అదొక్కటే. నేను సీసా ఇచ్చి, అడుగున ఉన్న మందునీళ్లు పారబోయొద్దని చెప్పాల. పెద్దమనిషి ముందర ఆ మాట ఎత్తాలంటే నాకు చచ్చేంత సిగ్గు. "పొద్దున్నే మొదటిసారిది... దీంట్లో... మీకు తెలుసు కదా పెదనాయనా" అని గోడ మీది క్యాలెండరుకు చెప్పి వచ్చేసినాను.

మర్నాడు పోతే సీసా తళతళలాడుతా ఉంది. నిండా నింపి, మూత మీద గుడ్డ కూడా కట్టినాడు.

"అడుగున ఎవరో మిగిల్చిన నీళ్లున్నాయి తల్లీ. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగినా. నలభై ఏండ్లు నూనె కొలిచినోణ్ణి, కడగని సీసాలో పోస్తానా?" అన్నాడు గొప్పగా.

"అయ్యో పెదనాయనా! అది మందు! అది లేకపోతే పరీక్ష చేసే హైదరాబాదుకు చేరేలోపల చెడిపోతాది!"

ఆయన మొగం వాడిపోయింది. "ఆ మాట నిన్ననే చెప్పుంటే ఏం పోయె?"

నాకు ఏడుపొచ్చింది. ఆయనే ఓదార్చి, జొన్నరొట్టె పెట్టినాడు. ఇంకో సీసా తెస్తానని చెప్పి, రొట్టె తింటా గంటసేపు మాట్లాడినాను. బస్సెక్కినాక తెలిసింది, చెప్పడానికే సిగ్గు, నాకు లోపల సంతోషంగా ఉంది. మళ్లీ రావచ్చు కదా! ఒక మనిషి ప్రాణం మీదికి వస్తే సంతోషపడిన పాపిష్టిదాన్ని నేనే.

రెండోసారి సిగ్గు విడిచి, పక్కింటోళ్లు బయటికొచ్చి వినేంత గట్టిగా చెప్పినాను. శాంపిలు సరిగ్గా చేరింది. కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది, ఆయనకు పనికొచ్చే మాత్ర ఉందంట. ఫోన్లో చెప్తే సరిపోయేది. కాగితం చేతికివ్వాలని సాకు పెట్టి పోయినాను.

"సూది లేదు, కోత లేదు పెదనాయనా, దినానికొక మాత్ర అంతే!"

ఆయన కండ్లు తుడుచుకున్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసినాడు. "అయితే ఇంక నీకు ఇక్కడ పని లేదా?"

"లేదు పెదనాయనా."

కాగితం మడిచి క్యాలెండరు వెనక దోపినాడు. తర్వాత మెల్లగా, "ఎందుకైనా మంచిది, ఇంకో సీసా పోసియ్యమంటావా?" అన్నాడు.

"అక్కర్లేదు" అని బుద్ధిగా చెప్పి బస్సెక్కి, అంత మంచి వార్త చెప్పొచ్చి మార్కాపురం దాకా ఏడ్చినాను. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు సీసా సంగతి నేనే నేర్పిస్తాను. అప్పటి నన్ను, ఆ ఇరవై రెండేండ్ల పిల్లను, తలుచుకుంటే నవ్వొస్తుంది, పిచ్చిమొద్దు! ఎవరూ పంపకుండా, ఏ పనీ లేకుండా ఒక మనిషి ఇంటికి ఊరికే పోవచ్చని దానికి తట్టనేలేదు.